ఆషాఢంలో ఖాళీగా ఉండే కెమెరాలతో పిల్లలకు వీడియోగ్రఫీ నేర్పవచ్చు

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వీడియోగ్రఫీని బతుకుదెరువుగా ఎంచుకుంటున్న యువకులు ఏటికేడు పెరుగుతున్నారు గాని, ఆ పనిలో మొదటి పాఠం చెప్పే చోటు వారికి దగ్గర్లో దొరకడం లేదు. దేవరకొండలో చిన్న స్టూడియో నడుపుతూ, క్యాసెట్ల కాలం నుంచి పెళ్లిళ్లు, జాతరలు తీస్తూ వస్తున్నవాణ్ణి కనుక, నాకు తోచిన ఒక మార్గాన్ని మీ పత్రిక ద్వారా జిల్లా అధికారుల ముందు, కళాశాలల ముందు, నా తోటి స్టూడియోల వారి ముందు పెట్టదలచాను.

పని నేర్చుకుంటామని మా దుకాణానికి వచ్చే పిల్లలు దాదాపు అందరూ మొదట అడిగే మాట "అన్నా, ఏ కెమెరా తీసుకోవాలె?" అన్నదే. అడిగేటప్పటికే కొందరు కొనేసి ఉంటారు. ఇంటర్ అయిపోయి డిగ్రీ మధ్యలో ఉన్న పిల్లవాడు తండ్రి చేత ఫైనాన్సు కాగితాల మీద సంతకం పెట్టించి, లక్ష రూపాయలకు పైగా పోసి కెమెరా, లెన్సు తెచ్చుకుంటాడు. తర్వాత యూట్యూబు చూసి నేర్చుకోవడం మొదలుపెడతాడు. ముహూర్తాలున్న రెండు మూడు నెలలు ఏదో గడిచిపోతాయి. ముహూర్తాలు లేని నెలల్లో కిస్తీ మాత్రం ఆగదు. చివరికి అదే కెమెరా సగం ధరకు మళ్లీ మా వంటి దుకాణాలకే అమ్మకానికి వస్తుంది. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. కెమెరా కొంటే పని దానంతట అదే వస్తుందని నమ్మించే ప్రకటనలు ఎటు చూసినా కనిపిస్తున్నాయి. ముందు వెలుగు, నిలకడ, శబ్దం నేర్చుకొమ్మని చెప్పేవారు లేరు. ఈ మూడూ చేతిలో ఉన్న ఫోనుతోనే నేర్చుకోవచ్చునని, కెమెరా చిట్టచివర కొనవలసిన వస్తువని నా గట్టి అభిప్రాయం.

యూట్యూబు పాఠాలు పనికిరావని నేను అనడం లేదు. మా స్టూడియోలో కొత్త సాఫ్ట్‌వేరు నేర్చుకున్నదీ వాటి వల్లనే. అయితే అవి ఎక్కడి వారి కోసం తయారైనవో తెలియకుండా అనుసరిస్తే చిక్కు వస్తుంది. ఒక్క ఉదాహరణ చెబుతాను. మన దేశంలో ఇళ్లకు, ఫంక్షన్ హాళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అందుచేత ట్యూబులైట్లు, నాసిరకం ఎల్ఈడీ దీపాలు ఒక్కో ఊపుకు రెండుసార్లు చొప్పున సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి. కంటికి అది తెలియదు గాని కెమెరాకు తెలుస్తుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్‌ది కనుక అక్కడి వారు సెకనుకు 30 ఫ్రేములు (బొమ్మలు), 1/60 షట్టరు (ఒక్కో బొమ్మకు వెలుగు పడే సమయం, సెకనులో అరవయ్యో వంతు) పెట్టుకొమ్మని చెబుతారు. ఆ మాట విని మన పిల్లవాడు హాల్లో అదే పెట్టుకుంటే, తెర మీద నల్లటి పట్టీలు పైనుంచి కిందికి మెల్లగా జారుతూ కనిపిస్తాయి. అతడు కెమెరా చెడిపోయిందనుకొని సర్వీసు సెంటరుకు పరుగెత్తుతాడు. చేయవలసిందల్లా మెనూలో మన దేశంలో వాడే పాల్ వీడియో పద్ధతికి మార్చుకొని, సెకనుకు 25 ఫ్రేములు, 1/50 షట్టరు పెట్టుకోవడం. 50 ఫ్రేములతో తీస్తే 1/100 పెట్టుకోవడం. తలంబ్రాలు స్లోమోషన్‌లో కావాలని ఇప్పుడు ప్రతి పెళ్లివారూ అడుగుతున్నారు. దానికి షట్టరు ఇంకా వేగంగా పెట్టవలసి వస్తుంది కనుక హాలు దీపాల కింద బొమ్మ మినుకుమినుకుమంటుంది. ముందురోజు సాయంత్రం హాలుకు వెళ్లి, దీపాలన్నీ వేయించి, ఒక్క నిమిషం తీసి చూసుకున్నవాడు మన సొంత వీడియో లైటు ఎక్కడ నిలపాలో తేల్చుకోగలడు. ఏ దూరదేశపు పాఠమూ మన హాలు ట్యూబులైటు గురించి చెప్పదు, పక్కన నిలబడి చూపించే మనిషే చెప్పాలి.

రంగుల సంగతీ ఇంతే. మండపం మీద పసుపు ఫోకసు లైట్లు, పక్కల ఊదారంగు పార్ లైట్లు, కిటికీలోంచి పగటి వెలుగు, అన్నీ ఒకేసారి పెళ్లికూతురి ముఖం మీద పడుతుంటాయి. తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్సును ఆటోమేటిక్‌లో వదిలేస్తే ఆమె తల తిప్పినప్పుడల్లా ముఖం రంగు మారిపోతుంది. వెలుగు రంగును కొలిచే లెక్కలో పసుపు దీపాలకు సుమారు 3200 కెల్విన్లు, పగటి వెలుగుకు సుమారు 5600 కెల్విన్లు అని పుస్తకాల్లో ఉంటుంది. హాల్లో మాత్రం తెల్ల కాగితం ఒకటి ఆమె కూర్చునే పీట దగ్గర పట్టుకొని సరిచేసుకొని, ఆపై దాన్ని కదపకుండా ఉంచడం మేలు.

కెమెరాలో మీటలు నేర్చుకోవడం వారం పది రోజుల పని. ఎక్కడ నిలబడాలో నేర్చుకోవడానికే కాలం పడుతుంది. జీలకర్ర బెల్లం పెట్టే వేళ వధూవరులు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యన తెర పట్టుకుంటారు. ఇద్దరి ముఖాలనూ కలుపుతూ ఒక గీత గీసినట్టు ఊహించుకొని, కెమెరాలన్నీ ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. పెళ్లికొడుకును ఈ పక్కనుంచీ, పెళ్లికూతురిని ఆ పక్కనుంచీ తీస్తే, ఎడిటింగులో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టినప్పుడు ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తూ, ఒకరినొకరు చూసుకోనట్టే కనిపిస్తారు. మొదటి సీజనులో దీన్ని గమనించే పిల్లలు అరుదు, ఎడిటింగుకు కూర్చున్నాక అందరికీ కనిపిస్తుంది, అప్పటికి పెళ్లి అయిపోయి ఉంటుంది. పైగా ఆ క్షణానికి బంధువులంతా అక్షింతలు పట్టుకొని లేచి ముందుకు వస్తారు. ఎవరి భుజం ఎక్కడ అడ్డుపడుతుందో ముందే ఊహించి స్టూలు వేసుకున్నవాడికే బొమ్మ దక్కుతుంది.

అందుకే పని నేర్చుకునేవాడికి తంతు వరస తెలిసి ఉండాలి. ఎదుర్కోళ్లు, జీలకర్ర బెల్లం, పుస్తె కట్టడం, తలంబ్రాలు, అప్పగింతలు, వీటి మధ్యన ఎంత వ్యవధి ఉంటుంది, పంతులు గారు ఏ మాట అన్న తర్వాత ఏం జరుగుతుంది అన్నది పెద్దలను అడిగి తెలుసుకోవాలి. మా దేవరకొండ చుట్టుపక్కల లంబాడా తండాల పెళ్లిళ్ల వరస వేరు, నిఖా వరస వేరు, చర్చి పెళ్లి వరస వేరు. ఏ ఇంటికి వెళితే ఆ ఇంటి పెద్దమనిషి పక్కన పది నిమిషాలు కూర్చొని అడగడం కూడా ఈ వృత్తిలో భాగమేనని పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

శబ్దం గురించి రాయడం మొదలుపెడితే ఈ ఉత్తరం ఆగదు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసేవారు ఓర్చుకుంటారు, మాట వినిపించకపోతే లేచిపోతారు. అయినా కొత్తవారు ఖర్చు పెట్టే డబ్బులో మైకు వాటా అన్నిటికంటే తక్కువ. కెమెరా మీదుండే మైకు బ్యాండును, పిల్లల ఏడుపును, ఫ్యాను గాలిని, పంతులు గారి మంత్రాన్ని ఒకే గొంతుగా కలిపేస్తుంది. మైకు సెట్టు అబ్బాయిని మంచిగా అడిగి అతని మిక్సరు నుంచి ఒక లైను తీసుకుంటే మంత్రం స్పష్టంగా వస్తుంది. మాట్లాడే మనిషికి కాలరు మైకు పెట్టి, గాలి తగలకుండా దానికి చిన్న స్పాంజి టోపీ తొడగాలి. శబ్దం ఎంత గట్టిగా వస్తోందో చూపే ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడుతుండేలా చూసుకోవాలి, సున్నాను తాకి పగిలిన గొంతును ఇంటికి వచ్చాక పూర్తిగా బాగుచేయడం కుదరదు. వీటన్నిటికంటే ముందు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి. నలుగురిలో హెడ్‌ఫోన్లు పెట్టుకోవడానికి మన పిల్లలు ఎందుకు సిగ్గుపడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నా దగ్గరకు వచ్చేవారికి నేను మొదట చెప్పే పని ఒకటుంది. ఫోను, ట్రైపాడు పట్టుకొని ఎవరైనా పని చేసుకునే చోటికి వెళ్లి, వారి అనుమతి అడిగి, ఒక నిమిషం వీడియో తయారుచేసి తీసుకురమ్మంటాను. పుట్టపాకలోనో గద్వాలలోనో నేతకారుల ఇల్లు అయితే మరీ మంచిది. మగ్గం ఉన్న గది మొత్తం ఒక షాటు. నేతగాడు నడుము దాకా ఒక షాటు. తర్వాత చేతులు మాత్రమే, పోగును మోసే నాడె ఇటునుంచి అటు పోవడం, గుంటలో కాళ్లు, పోగులను దగ్గరికి నొక్కే అచ్చు వచ్చి తగిలే చోటు, అద్దాలు పెట్టుకున్న ఆయన కళ్లు. ఒక్కో షాటును పది సెకన్ల పాటు కెమెరా కదపకుండా పట్టుకోవాలి, జూమ్ చేయకూడదు, దగ్గరగా కావాలంటే కాళ్లతో దగ్గరికి నడవాలి. ఫోను తెర మీద వేలిని కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకసు, వెలుగు రెండూ అక్కడే బిగుసుకుంటాయి కనుక నాడె కదిలినప్పుడల్లా బొమ్మ తెల్లబడి నల్లబడదు. చివరగా బొమ్మ సంగతి మరిచిపోయి, మగ్గం చప్పుడును ఒక నిమిషం విడిగా రికార్డు చేయాలి. ఎడిటింగులో ఆ చప్పుడును అడుగున పరిచి, పైన ఈ షాట్లను వరసగా పేర్చి చూస్తే ఏ షాటు మిగిలిందో, ఏది తక్కువైందో తనకే తెలిసిపోతుంది. ఎడిటింగుకు కూడా ముందే డబ్బు పెట్టనవసరం లేదు. డావిన్చి రిజాల్వ్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు, కాస్త మంచి కంప్యూటరు ఉంటే నేర్చుకునేవారికి అది చాలినంతకంటే ఎక్కువే.

వెలుగు నేర్చుకోవడానికి మహబూబ్‌నగర్ పిల్లలకు పిల్లలమర్రి కంటే మంచి బడి లేదు. సుమారు 700 ఏళ్ల ఆ మర్రి కింద మనిషిని నిలబెట్టి తీస్తే, ముఖానికి వెలుగు సరిచేస్తే వెనుక ఆకాశం తెల్లగా పేలిపోతుంది, ఆకాశానికి సరిచేస్తే ముఖం నల్లబడుతుంది. మనిషిని ఎటు తిప్పాలి, ఎన్ని గంటలకు రావాలి అన్నది అక్కడ ఒక పూట కష్టపడితే తెలుస్తుంది. మన ఎండల్లో పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత తీసినదానికీ, మిట్టమధ్యాహ్నం తీసినదానికీ ఉన్న తేడా చెబితే నమ్మరు, చూస్తే నమ్ముతారు. వేసవిలో ఫోను, కెమెరా కారులో వదిలి వెళ్లవద్దని కూడా ఈ సందర్భంగానే చెప్పాలి.

తీసినదాన్ని కాపాడుకోవడం మీద మాకు వచ్చే పిల్లలకు పట్టింపు తక్కువ. వీహెచ్ఎస్ రోజుల్లో టేపుకు డబ్బులయ్యేవి కనుక అవసరమైతేనే మీట నొక్కేవాళ్లం. ఇప్పుడు కార్డు నిండేదాకా నొక్కుతూనే ఉంటారు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున, ఎక్కువ స్పష్టతనిచ్చే 4కేలో తీస్తే గంటకు సుమారు 45 జీబీ అవుతుంది. పెళ్లి ముగిసిన రాత్రే రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లోకి దించి, రెండూ తెరుచుకుంటున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే కార్డు ఖాళీ చేయాలి. పెళ్లి మళ్లీ చేయించలేం గదా!

డ్రోన్ల విషయంలో ఒక హెచ్చరిక. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు డ్రోనుకు పైలట్ ధ్రువపత్రం అవసరం లేదు గాని, అంతకంటే బరువైనదాన్ని డబ్బు తీసుకొని పెళ్లిలో ఎగరేస్తే అవసరం. డ్రోన్ల కోసం ప్రభుత్వం ఇచ్చిన మ్యాపులో ఎరుపు, పసుపు ప్రాంతాలుగా చూపిన చోట అనుమతి తప్పనిసరి. పెళ్లివారు అడిగారని జనం నెత్తి మీద ఎగరేసే కుర్రవాళ్లకు ఈ సంగతి చెప్పే నాథుడు లేడు.

ఇంతవరకు మన దగ్గర ఈ పని నేర్చుకోవడానికి ఉన్న ఒకే ఒక్క తోవ ఏదైనా స్టూడియోలో హెల్పరుగా చేరడం. ఆ పద్ధతిలో మేలు ఉంది, మేమంతా అలా వచ్చినవాళ్లమే. కాని నా తోటివారు నొచ్చుకున్నా ఒక మాట రాయక తప్పదు. లైటు పట్టుకోవడానికి వచ్చిన కుర్రవాడు ఏళ్ల తరబడి లైటు పట్టుకునే ఉంటున్నాడు. భోజనం పెట్టి, బండి మీద తెచ్చి దించడమే జీతం అనుకునే స్టూడియోలు ఉన్నాయి. సీజనుకు కనీసం కొన్ని ఫంక్షన్లలో రెండో కెమెరా అతని చేతికి ఇచ్చి, తీసినదాన్ని పక్కన కూర్చోబెట్టుకొని చూపించి, తప్పొప్పులు చెప్పాలి. రోజుకు ఇంత అని ముందే మాట్లాడుకొని ఆ రోజే చేతిలో పెట్టాలి. ఇలా చేస్తే పోటీ పెరుగుతుందని భయపడేవారు, పని రాని కుర్రవాడు సగం ధరకు ఒప్పుకొని మన ధరలు ఎలా పడగొడుతున్నాడో ఒకసారి ఆలోచించాలి.

ఆడపిల్లలకైతే ఆ తోవ కూడా లేదు. రాత్రి రెండింటి దాకా సాగే రిసెప్షన్లకు హెల్పరుగా పంపడానికి ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. మరోవైపు మంగళస్నానాలకు, సీమంతానికి, ఓణీల ఫంక్షనుకు ఆడ వీడియోగ్రాఫరు దొరికితే బాగుండునని ఇళ్లలో అడుగుతూనే ఉన్నారు. మగ కెమెరామన్ లోపలికి రాగానే నవ్వుతున్నవాళ్లు కొంగు సవరించుకొని బిగుసుకుపోతారు. పగటిపూట జరిగే ఈ వేడుకలు నేర్చుకున్న అమ్మాయిలకు మంచి ఆదాయం అవుతాయి. నేర్పే చోటే కావాలి.

ఇక నా సూచన. ఆషాఢమాసంలో, మూఢాల్లో ముహూర్తాలు ఉండవు. జిల్లాలో ఉన్న స్టూడియోలన్నిటి కెమెరాలు, ట్రైపాడులు, లైట్లు, మైకులు ఆ రోజుల్లో బీరువాల్లో ఉంటాయి. వాటిని నడిపే అనుభవజ్ఞులు కూడా దుకాణం ముందు కుర్చీ వేసుకొని కూర్చుంటారు. కళాశాలల్లో కొత్త చదువుల సంవత్సరం మొదలయ్యేదీ దాదాపు అప్పుడే. నల్గొండలో 2007లో, పాలమూరులో 2008లో విశ్వవిద్యాలయాలు వచ్చాయి, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు, జిల్లా గ్రంథాలయాలు ఉన్నాయి. ఈ భవనాల్లో ఏదో ఒకటి సాయంత్రం రెండు గంటల పాటు ఒక గది ఇస్తే, నెల రోజుల తరగతి నడపడానికి కొత్త బడ్జెట్టేమీ అవసరం లేదు. స్టూడియోల సంఘాలు పరికరాలు, మనుషులను సమకూర్చగలవు. పిల్లలు ఫోనులు తెచ్చుకుంటారు. ఫోటోగ్రఫీలో పూర్తి చదువు కావాలన్నవారికి హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) ఉంది, సినిమా చదువుకు పుణేలో 1960లో మొదలైన ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా) ఉంది. వాటికి ఎలా దరఖాస్తు చేయాలో చెప్పడం కూడా ఈ తరగతిలో ఒక పూట పని. పాఠాలను రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానళ్లయిన టీ-శాట్ వారు రికార్డు చేసి ప్రసారం చేస్తే కొల్లాపూర్, అచ్చంపేట వంటి దూరపు చోట్ల ఉన్నవారికీ అందుతాయి.

తరగతి చివర పెళ్లి వీడియో వంటిది కాకుండా వేరే పని పరీక్షగా పెట్టాలని నా కోరిక. మన ప్రాంతంలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే నారాయణపేట జిల్లా దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు కెమెరాలన్నీ అటు తిరిగాయి. అలాంటి పాట, కథ, విద్య ఇంకా ఎన్ని ముసలి గొంతుల్లో ఉన్నదో ఏ ఊరి వారిని అడిగినా చెబుతారు. నేర్చుకునే ప్రతి ఒక్కరూ తమ ఊళ్లో ఒక పెద్దమనిషిని, ఒక అవ్వను ఎంచుకొని, వారి సమ్మతితో, నీడన కూర్చోబెట్టి, కాలరు మైకు పెట్టి, అరగంట మాట్లాడించి తీసుకురావాలి. మధ్యలో అడ్డుపడకుండా వినడం అన్నది వీడియోగ్రఫీలో ఎవరూ నేర్పని పాఠం, ఇందులో అదీ వస్తుంది. ఆ వీడియోల ప్రతి ఒకటి ఆ కుటుంబానికి, ఒకటి జిల్లా గ్రంథాలయానికి ఇవ్వాలి. గ్రంథాలయంలో వాటిని ఊరి పేరు, తేదీ, చెప్పినవారి పేరు రాసి భద్రపరిచే ఏర్పాటు ఉండాలి, లేకపోతే ఏడాదికల్లా అవి ఎవరి ఫోనులోనో చెరిగిపోతాయి.

మీ జిల్లా పేజీల్లో ఆదివారం నాడు చిన్న పెట్టెకట్టి, వీడియోగ్రఫీ నేర్చుకునేవారు అడిగే ప్రశ్నలకు అనుభవజ్ఞుల చేత జవాబులు రాయించవలసిందిగా కోరుతున్నాను. ఏ కళాశాల వారైనా గది ఇస్తామని ముందుకు వస్తే, నా వంతుగా రెండు కెమెరాలు, మూడు ట్రైపాడులు, ఒక లైటు సెట్టు, కాలరు మైకులు ఆ నెల రోజులకు ఉచితంగా ఇస్తాను. ఆషాఢం మొదలైన మొదటి సోమవారం నుంచి రోజూ సాయంత్రం వచ్చి చెప్పడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. గదిలో మూడు పిన్నుల ప్లగ్గులు పనిచేస్తున్నాయో లేదో మాత్రం ముందే చూసి ఉంచమని మనవి.

ఇట్లు,
ఒక స్టూడియో నిర్వాహకుడు,
దేవరకొండ, నల్గొండ జిల్లా